ప్రభుదాస్ సారు తెచ్చిన రీలు

1985 ఎండాకాలం. ఆదిలాబాద్‌లో బస్టాండుకు పోయే దారిలో మా ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఫోటోలు తీయడం, వెనుక చీకటి గదిలో కడగడం. రెండూ నేనే చేసేదాన్ని. ఆడపిల్ల డార్క్‌రూమ్‌లో పని చేయడమేమిటని ఎవరైనా అడిగితే మా నాన్న, అంటే మా బాపు, "చీకట్ల ఎవలైతేంది? ఫోటో మంచిగొస్తే సాలదా?" అని నోరు మూయించేవాడు.

మోకాళ్లు పట్టేశాక బాపు నిలబడే పనులన్నీ నాకు వదిలేసి, కిటికీ పక్కన బల్ల వేసుకొని స్పాటింగ్ చేసేవాడు. నెగటివ్ మీద దుమ్ము పడితే ఫోటోలో తెల్ల చుక్కలు వస్తాయి. వాటిని సన్న కుంచెతో రంగు అద్ది కప్పాలి. నల్ల చుక్కలైతే బ్లేడు మొనతో, కాగితం చిరగకుండా గీకాలి. దీన్నే స్పాటింగ్ అంటారు. బాపు దుమ్ముతో ఆగేవాడు కాదు. మొటిమలు, అమ్మవారి మచ్చలు, కళ్ల కింద నలుపు, అన్నీ మాయం చేసేవాడు. ఆయన చేతి కోసం బోథ్ నుంచి, ఉట్నూర్ నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. నేను కడిగి ఆరబెట్టిన ప్రతి ఫోటో ఆయన బల్ల మీదికి వెళ్లాల్సిందే. అది మా షాపు పద్ధతి.

ఆ ఎండల్లో ఒకరోజు ప్రభుదాస్ సారు వచ్చారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే సారు. నెమ్మదస్తుడు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. చిన్న డబ్బా తెరిచి ఒక ఫిల్ము రీలు నా చేతిలో పెట్టారు.

"అక్కా, గిది మామూలు నెగటివ్ కాదు, మైక్రోఫిల్మ్. దీంట్ల పత్రిక పేజీలున్నయి. కాగితం మీదికి ఎక్కించి ఇస్తవా?"

"దేని గురించి సార్?"

"సిగ్నల్ ప్రాసెసింగ్."

"రైలు సిగ్నలా?"

సారు నవ్వారు. "కాదక్కా. రేడియోల గరగర వస్తది గదా, గా గరగర తీసేసి మాట ఒక్కటే మిగిలేటట్టు లెక్కలతోని చేస్తరు. అసోంటిది."

నాకేమీ సమజ్ కాలేదు. అయినా తలూపాను. రేడియో గరగరకు చెవి మెలిపెడితే పోతుంది గానీ లెక్కలెందుకో!

సంగతేమిటంటే, సారుకు హైదరాబాద్‌లో పై చదువుకు ఇంటర్వ్యూ ఉంది. కొత్త వ్యాసం ఒకటి చదివి, అక్కడి పెద్దల ముందు వివరించాలి. వయసు దాటిపోతున్నందువల్ల ఆయనకు అదే ఆఖరి అవకాశం. అలాంటి వ్యాసాలు వచ్చే విదేశీ పత్రికకు చందా కట్టాలంటే ఆయన జీతం చాలదు, కాలేజీ కట్టదు. ఢిల్లీలో ఒక కేంద్రానికి రాస్తే వ్యాసం నకలు పంపుతారట. కాగితం మీద కావాలంటే ఖరీదెక్కువ, ఫిల్ము మీదైతే చవక. సారు చవకది తెప్పించుకున్నారు. తీరా వచ్చాక చూస్తే దాన్ని చదివే యంత్రం హైదరాబాద్‌లో తప్ప దగ్గర్లో ఎక్కడా లేదు. కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే అక్షరాలు చీమల బారులా కనిపించాయట. అందులో ఏమేం బొమ్మలున్నాయో ఆయనకూ తెలియదు.

నెగటివ్ మీది బొమ్మను కాగితంపై పెద్దది చేసే ఎన్‌లార్జర్ మా దగ్గర ఉంది కదా, దానికి రీలు పెట్టాను. ఖర్చు తగ్గుతుందని తేదీ దాటిన ఫోటో కాగితం, అంటే బ్రోమైడ్ పేపర్, వాడాను. కొంచెం మసకబారుతుంది గానీ చదవడానికేం? కానీ ఆ పని నన్ను ఏడిపించింది. మనిషి ముఖమైతే కళ్లు చూసి ఫోకస్ సరిచేస్తాం. ఈ పేజీల నిండా కొక్కేలు, సున్నాలు, ఎన్నడూ చూడని గుర్తులు. అక్షరం అసలే వంకరగా ఉందో, నేనే వంకర చేశానో తెలిసి చావదు. మధ్యలో ఒక పేజీలో తెల్ల దొరసాని ముఖం, పక్కపక్కనే రెండుసార్లు కనిపించింది. లెక్కల మధ్య ఈమెకేం పనో అనుకొని కడిగి ఆరబెట్టాను. సగం పేజీలు అయ్యాక సారు వచ్చి తీసుకుపోయారు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చారు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నిలబడే అన్నారు, "మిగిలిన పేజీలు కడుగకు అక్కా. నేను హైదరాబాద్ పోత లేను."

నాకు కోపమొచ్చింది. "గదేంది సార్? కాగితం కోసి పెట్టిన. చెప్పేదేదో ముందుగాల చెప్పద్దా?"

"నాకు రాదక్కా గీ చదువు. నా బుర్రకు ఎక్కుత లేదు." సంచిలోంచి దొరసాని పేజీ తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వే చూడు. ఎడమ దిక్కుదేమో చెడిపోయిన బొమ్మనట. లెక్కలతోని బాగుచేస్తే కుడి దిక్కుది వచ్చిందట. రాసినోళ్లు గట్లనే అంటున్నరు. ఏది మంచిగున్నది?"

చూశాను. ఎడమ దొరసాని నున్నగా, పువ్వులా ఉంది. కుడి దొరసాని ముఖం మసగ్గా, అక్కడక్కడ చుక్కలతో ఉంది.

"ఎడమదే మంచిగున్నది సార్."

"నాకూ గట్లనే కనిపిస్తున్నది! మరి బాగుచేస్తే ఖరాబెట్లయితది? ఇంగ్లీషు నేనే ఉల్టా చదువుతున్నననుకున్న. లెక్కలు కింది నుంచి మీదికి చేసి చూసిన. ఇన్నేండ్ల సంది పోరగాండ్లకు చెప్పిందంతా తప్పేనేమో అనిపించింది. రాత్రుల్ల నిద్ర పడుత లేదక్కా."

అంతవరకు కిటికీ దగ్గర తలవంచుకొని ఉన్న బాపు, బొమ్మ బాగుచేయడం మాట చెవిన పడగానే తలెత్తాడు. "గా ఎడమ దిక్కు బొమ్మ నేనే సాఫ్ జేసిన సారూ. ముఖమంతా చుక్కలే ఉండె పాపం, మశూచి వచ్చినట్టు. పక్కదాన్ని చూసి గట్లనే చేద్దామని కూసున్న. దానికంటే మంచిగచ్చింది. పైసలేం అడుగలే."

సారుకు వెంటనే వెలిగింది. నాకు అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. మెల్లగా కుర్చీలో కూర్చొని సారు అడిగారు, "చుక్కలుండెనా తాతా? నిజంగా ఉండెనా?"

"ఉండె. జర ఎక్కువనే ఉండె. ఎందుకు సారూ, ఏమైంది?"

నేను వెంటనే సారును వెనుక గదిలోకి తీసుకుపోయి, ఆ పేజీ మళ్లీ ఎక్కించాను. ఎర్ర దీపం వెలుగులో డెవలపర్ నీళ్లలో కాగితం వేసి ఆడిస్తుంటే బొమ్మ మెల్లగా తేలింది. ముందు జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత ఎడమ ముఖం నిండా ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు. కుడి ముఖం మీద చాలా తక్కువ.

"గివే అక్కా! గీ చుక్కలే బొమ్మల గరగర!" అని సారు ఆ చీకట్లో చిన్నపిల్లాడిలా అరిచారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయట బాపు పరేషాన్‌గా ఉన్నాడు. "ముఖం మీద మచ్చలు కావాలంటడేంది బిడ్డా? మచ్చలు తీయమన్నోళ్లనే చూసిన గని!"

సారు ఆయన పక్కన కూర్చొని, నువ్వు చేతితో తీసిన మచ్చలనే ఆ వ్యాసం రాసినవాళ్లు లెక్కలతో తీయాలని చూస్తున్నారని ఓపికగా చెప్పారు. బాపు శ్రద్ధగా విని, "చేయి లేనోళ్లా ఏంది పాపం?" అన్నాడు. సారు నవ్వారు. మిగిలిన పేజీలన్నీ బాపు బల్ల మీదికి పోకుండానే నా చేతి నుంచి సారు చేతికి వెళ్లాయి.

వానలు మొదలయ్యాక సారు స్వీటు పొట్లంతో వచ్చి, "సీటచ్చిందక్కా" అన్నారు. బాపు కాళ్లకు మొక్కబోతే ఆయన కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు నా మనసులో మెదులుతున్న మాట అడిగాను. "గన్ని రోజులు మీరు తప్పనుకున్నరు గని, మా ఫోటో తప్పేమోనని ఒక్కసారన్న అనిపియ్యలేదా సార్?"

"ఎట్లనిపిస్తదక్కా? గా పేజీల కోసం ఎంత తిరిగిన! ఫారిన్‌ల అచ్చైనయి, ఢిల్లీ నుంచి వచ్చినయి. గసోంటి దాంట్ల తప్పుంటదా? ఉంటే నాలోనే ఉంటదనుకున్న."

ఆ మాట విని నా ప్రాణం ఉసూరుమంది. పత్రిక తనంత తానే ఇంటికి వచ్చిపడేవాళ్లకు బొమ్మ తేడాగా కనిపిస్తే ఇంకో కాపీ తిరగేస్తారు. ఒక్కటే కాపీ, అదీ అంత కష్టపడి సంపాదించుకున్న మనిషి, దాన్ని అనుమానించలేడు. తనను తానే అనుమానించుకుంటాడు. అప్పటి నుంచి ఎవరైనా నా ముందు "నాకు సమజైత లేదు" అంటే, ముందు వాళ్ల చేతిలోని కాగితం తీసుకొని చూస్తాను. అది నేనిచ్చిందైతే ఇంకా జాగ్రత్తగా చూస్తాను.