తక్కువైన వాషరు

మా మేస్త్రీ గారు పోయారు. కబురు చెప్పింది నా పాత విద్యార్థిని. "మీకు సెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆలోసించినాను మేడమ్" అంది. ఎందుకు ఆలోచించిందో నాకు తెలుసు. మా ఇద్దరికీ పడదన్న సంగతి తెలియనివాళ్లు మా కాలేజీలో లేరు. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తగువు తేలకుండానే మధ్యలో లేచి వెళ్లిపోయిన మనిషి మీద వచ్చే కోపం అది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను జరిగింది చెబుతాను. అందులో మంచి ఎంతో చదివేవారే చూసుకోవాలి.

విజయనగరం దాటాక ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ చెబుతాను. కొన్నేళ్ల కిందట పిల్లలూ నేనూ కలిసి రెండు చేతుల్లో పట్టేంత ఉపగ్రహం ఒకటి తయారుచేయడం మొదలుపెట్టాం. ఇలాంటి చిన్నవాటికి సొంత రాకెట్ ఉండదు. పెద్ద ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్‌లో మిగిలిన చోట నలుగురివీ పక్కపక్కన పెట్టి పంపుతారు. మాకు పుస్తకాలు తెలుసు గానీ చేతిపని తెలియదని ప్రిన్సిపాల్ గారు ఈయన్ని తీసుకొచ్చారు. ఎక్కడో దూరాన ఉపగ్రహాలు బిగించే పనిలో ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఉన్న సొంతూరికి వచ్చేసిన మనిషి. తండ్రి, తాత సముద్రంలో చేపల వేటకెళ్లినవాళ్లు. "నన్ను సార్ అనొద్దు. నాను మేస్త్రీని. బిగించడమే నా పని" అని మొదటిరోజే చెప్పారు. నన్ను మాత్రం ఎప్పుడూ పంతులమ్మ అనే పిలిచారు. ఆ పిలుపు నాకు గుచ్చుకుంటుందని తెలిశాక ఇంకాస్త గట్టిగా పిలిచేవారు.

మొదటి వారమే మాకు చెడింది. దుమ్ము రాకుండా ప్లాస్టిక్ తెరలు కట్టి ఒక గది తయారుచేశాం. దాని గుమ్మం దగ్గర నిలబడి ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"పంతులమ్మా, మొకానికి పౌడరు రాసినారు. కడుక్కొని రండి."

నా వెనక పిల్లలంతా ఉన్నారు. "కొంచెమే కదండీ" అన్నాను.

"కొంచెమైనా రాలతాది."

నేను కుళాయి దగ్గరకు వెళ్లి ముఖం కడుక్కుంటుంటే పిల్లలు చూపులు తిప్పుకున్నారు. మా ఊరు శృంగవరపుకోటలో మా నాన్న కూడా నన్ను నలుగురిలో అలా అనలేదు. ఆ రోజు నుంచి ఆయన ముందు నేను నవ్వలేదు.

ఆయన పద్ధతులు ఓర్చుకోవడం కష్టం. బిగించిన స్క్రూని విప్పించి మళ్లీ బిగించమనేవారు. కారణం అడిగితే "సెయ్యి తొందరపడ్డాది" అనేవారు. మధ్యాహ్నం మాతో కలిసి తినేవారు కాదు. వర్క్‌షాపు మెట్ల మీద ఒక్కరే కూర్చుని, ఎండు నెత్తళ్ల చేపల కూరతో అన్నం తిని, గోళ్ల సందులు కూడా సబ్బుతో తోముకుని వచ్చేవారు. బాగుందన్న మాట ఆయన నోట వినలేదు. పని బాగుంటే ఏమీ అనకుండా పక్క స్క్రూ దగ్గరకు వెళ్లిపోయేవారు, అంతే. రాకెట్ గురించి పిల్లలకు ఒకే మాట చెప్పేవారు. "అది సంతకెల్లే ఆటో లాటిది. మన మూట ఊడితే పక్కోడి కుండ పగల్తాది."

అన్ని పరీక్షలూ అయ్యాయి. చివరి పలక మూసి, స్క్రూలు కదలకుండా జిగురు పెట్టిన రోజది. పది రోజుల్లో ఉపగ్రహం అప్పగించాలి. పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. ఆయన ఒక్కరే బల్ల దగ్గర మిగిలిన సామాను పళ్లెంలో లెక్కపెట్టుకుంటున్నారు. రెండోసారి లెక్కపెట్టారు. మూడోసారి కూడా.

"ఒక వాషరు తక్కువున్నాది" అన్నారు.

వాషరంటే స్క్రూ తల కింద వేసే చిన్న ఇనప బిళ్ల. మెంతిగింజ కంటే కాస్త పెద్దది.

"కింద పడి ఉంటుందండీ. ఊడ్చేసుంటారు" అన్నాను.

"పడుంటాదా, పడ్డాదా?"

"ఎవరు చూశారు?"

"సూడనప్పుడు లోన ఉన్నాదనే అనుకోవాల. విప్పండి."

విప్పితే జిగురంతా గీకి తీయాలి. మళ్లీ బిగించి, రాకెట్ కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూసే అదురు పరీక్షకు మళ్లీ పంపాలి. అన్నిటికీ పది రోజులు చాలవు. రాకెట్ మాకోసం ఆగదు. మూడేళ్లు ఆ పిల్లలు సెలవులకు ఇళ్లకు కూడా సరిగా వెళ్లలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"ఆ బిళ్ల బేటరీ మీద పడి నిప్పు రేగితే, పక్కనున్నోళ్ల పిల్లలు ఎన్నేళ్లు కట్టపడ్డారో తెలుసా మీకు?" అన్నారు. "నాను సంతకం పెట్టను."

లోపల వదులుగా ఏ వస్తువూ లేదని రాసి ఇవ్వాల్సిన కాగితం అది. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నేను పెట్టాను. దాచను. నా చేత్తోనే, తెలియని సంగతి తెలుసని సంతకం పెట్టాను.

మర్నాడు ఉదయం ఆయన ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. "ఎనక మాటాడడం నాకు సేతకాదు. మీ ముందే సెప్తన్నాను" అని ఫోను తీసి, రాకెట్ ప్రయోగం చూసుకునే అధికారులకు తక్కువైన వాషరు సంగతి చెప్పేశారు. సాయంత్రానికి మమ్మల్ని ఆ రాకెట్ నుంచి తీసేశారు. పిల్లలు ఏడ్చారు. ఒకమ్మాయి ఆయన ముందు నిలబడి, "మీకు మామీద ఏటి కసి?" అని అడిగింది. ఆయన విప్పడానికి స్క్రూడ్రైవరు అందుకున్నారు.

విప్పాం. పలక పలకా తీశాం. దీపం పెట్టి వెతికాం, బోర్లించి తట్టాం. వాషరు లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "చూశారా? లేదు" అన్నాను.

"నేదు. మంచిదే."

"మంచిదా? మా ఏడాది పోయింది."

"నేదని ఇప్పుడు తెలిసినాది. నిన్న తెలీదు" అని చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టారు.

ఆయనుంటే నేనుండనని ఆ రోజే ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. మరుసటి వారం నుంచి ఆయన రాలేదు. వెళ్లేటప్పుడు నాతో ఒక్క మాట కూడా అనలేదు. నేనూ పలకరించలేదు.

తరువాతి ఏడు ఇంకో రాకెట్‌లో చోటు దొరికింది. మేమే మళ్లీ బిగించాం. మిగిలిన సామాను నేనే మూడుసార్లు లెక్కపెట్టాను, ఎవరూ చెప్పకుండానే. అప్పగించడానికి వెళ్లినచోట పక్క బల్ల దగ్గర వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక మాస్టారు తమ ఉపగ్రహం తుడుచుకుంటున్నారు. మా కాలేజీ పేరు చదివి నా దగ్గరకొచ్చారు.

"నిరుడు ఫోన్ చేసింది మీవాళ్లే కదా? ఆ రాకెట్‌లో మీ పక్కన ఉండాల్సింది మా మొదటి ఉపగ్రహమే, క్షేమంగా వెళ్లింది. ఆ ఫోన్ చేసినాయన వచ్చారా?"

"రాలేదు" అన్నాను. ఎందుకు రాలేదో చెప్పలేదు.

"నా నమస్కారం చెప్పండి."

ఆ నమస్కారం నేను అందించలేదు. అందిస్తే ఓడినట్టే అనిపించింది. మా ఉపగ్రహం పైకి వెళ్లి, కిందికి సంకేతం పంపి మొదటిసారి పలికిన రోజు కాలేజీ అంతా మిఠాయిలు పంచాం. ఆయన్ని పిలుద్దామని ఎవరో అంటే నేను విననట్టు ఊరుకున్నాను. ఇవాళ నా విద్యార్థులకు ఏదైనా తెలియకపోతే తెలియదని రాయండి అంటాను. ఆ మాట నాకు నేర్పింది ఆయనే. నేర్పిన తీరు మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

కబురు తెలిసిన ఆదివారం వాళ్లూరు వెళ్లాను. ఆయన భార్య వరండాలో కూర్చుని ఉన్నారు. నేనెవరో చెప్పగానే ముఖం ముడుచుకున్నారు.

"మీరేనా పంతులమ్మ? మిమ్మల్ని తిట్టని రోజు నేదు."

"నేనూ తిట్టానమ్మా" అన్నాను.

కూర్చోమనలేదు. నిలబడే ఆ మాస్టారి సంగతి, ఆ నమస్కారం సంగతి చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"అది ఆయనకి సెప్పవలిసింది. నాకెందుకు ఇప్పుడు?"

చూపు గోడ వైపు తిప్పుకున్నాను.

గోడకు ఆయన పటం ఉంది. తెల్ల కోటు, తెల్ల టోపీ, ఎప్పుడూ నవ్వని ముఖం. ఏ గుంపు ఫొటోలోంచో కత్తిరించి పెద్దది చేయించారు. "పక్కనెవలిదో సెయ్యి ఉండిపోయినాది. తీసీమంటే ఫొటోవోడు సగమే తీసినాడు" అన్నారు ఆవిడ.

నేను దగ్గరకు వెళ్లి చూశాను. అదురు పరీక్ష గట్టెక్కిన రోజు, దగ్గరగా జరగమని ఎవరో అంటే ఇద్దరం విసుక్కుంటూ జరిగి దిగిన ఫొటో అది. ఆయన భుజం పక్కన, బంతిపూల దండ అంచున, తెల్లటి తొడుగు వేసుకున్న నా నాలుగు వేళ్లు.