పని లేకుండా ఒక ప్రయాణం

మా మేనమామ పోయిన సంగతి అత్తమ్మే ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను కోరుట్లలో నా టికెట్ల ఆఫీసులో ఉన్నాను. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒకాయనకు దోహా టికెట్ చూస్తున్నాను. "అల్లుడా, మీ మామ పోయిండు. ఆఫీసు బంద్ జేసి రా," అంది. ఏడవలేదు. పక్కింటివాళ్ల బర్రెల కొట్టానికి రేకులు ఎక్కించి ఇస్తానని మామ మాట ఇచ్చాడట. పొద్దున చాయ్ తాగి, తాడు భుజాన వేసుకుని, గడప దాటుతూ కూలబడ్డాడు. జగిత్యాల ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. నా ముఖం చూసి దోహా ఆయన విషయం కనుక్కున్నాడు. "రాయికల్ దిక్కు గౌడ్ సాబేనా? మస్కట్ల స్కఫోల్డింగ్ జేసినాయన?" అని అడిగాడు. అవునన్నాను. "టికెట్ రేపు జూద్దాం తియ్. నువ్వు పో ముందు," అన్నాడు.

మామ తాళ్లెక్కే ఇంట్లో పుట్టాడు. మీసాలు రాకముందే మోకు కట్టుకుని తాటిచెట్లు ఎక్కాడు. వరుసగా కరువులొచ్చి చెట్లు మోడులయ్యాక, ఊళ్లో కల్లు తాగేవాళ్లే బొంబాయికీ దుబాయికీ వెళ్లిపోయాక, ఆయన కూడా ఆ దారే పట్టాడు. ఇంటర్వ్యూలో ఏజెంటు ఏం పని వచ్చని అడిగితే "ఎక్కుడు వచ్చు" అన్నాడట. అంతే, పరంజా కట్టే పనిలో పెట్టారు. ఎత్తైన భవనాల చుట్టూ ఇనుప గొట్టాలు బిగించుకుంటూ పైకి పోవడమే పని. దుబాయ్, షార్జా, చివరికి మస్కట్. జుట్టు నెరిసేదాకా అదే పని చేశాడు. "కింద నిలవడి జూసెటోనికే భయం, ఎక్కినోనికి ఏముంటది," అనేవాడు. ఇంకో మాట కూడా ఉండేది, "ముడి వేసినోడే ముందుగాల ఎక్కాలె." తను బిగించిన మెట్టు మీదికి తను ఎక్కకుండా ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు కాదని ఆయనతో పనిచేసినవాళ్లు చెబుతారు.

మస్కట్‌లో పని చేసే చోట పైఅంతస్తు నుంచి రోజూ సముద్రం కనపడేదట. ఎన్నడైనా దగ్గరికి పోయావా అని ఒకసారి అడిగాను. ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "పోయి ఏం జేస్తరు అల్లుడా? ఆడ మనకు పని లేదు గద," అన్నాడు.

సెలవు మీద ఇంటికి వచ్చినా అంతే. మిగతా ఇళ్లలో దుబాయ్ నుంచి మనిషి వస్తే నెల రోజులు మంచం దిగడు, సుట్టపోళ్లు కోళ్లు పట్టుకుని వస్తారు. మామ వచ్చిన మర్నాడే నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఒకరి బోరు మోటరు, ఇంకొకరి ఇంటి కవేలు పెంకులు, మా అమ్మ ఇంటి దూలం. ఒక ఏడు వాడకట్టులో ఒకాయన గోడకు సున్నం వేయించుకుంటానంటే, ఇంటి చుట్టూ వెదురుబొంగులతో పరంజా కట్టి పెట్టాడు. ఆ ఇల్లు ఎత్తు రెండు నిలువులు కూడా ఉండదు. అత్తమ్మ వాకిట్లో బీడీలు చుడుతూ ఆ పరంజాను చూసి, "మీ మామ సెలవుల వచ్చిండా, ఇంకో కంపిని మారిండా?" అని నన్ను అడిగింది.

పూర్తిగా తిరిగి వచ్చేసిన కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి నా ఆఫీసుకొచ్చారు. నా ఎదుట ఉన్న కుర్చీల్లో మొదటిసారి పోయేవాళ్లు కూర్చుంటారు. ఏజెంటు మోసం చేస్తే మళ్లీ పోయేవాళ్లు కూర్చుంటారు. పెట్టెలో వచ్చే మనిషి ఏ విమానంలో వస్తున్నాడో అడగడానికి వచ్చినవాళ్లు కూడా కూర్చున్నారు. గల్ఫ్‌ను ఊరికే చూసి రావడానికి టికెట్ మాత్రం ఎవరూ అడగలేదు. మామ అడిగాడు.

"మీ అత్తమ్మకు, నాకు టికెట్ తియ్. పోయేటిది గాదు, పోయొచ్చేటిది," అన్నాడు.

"ఏం పని మామా?"

"ఏం పని లేదు. తిరిగొద్దామని."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నిదానంగా చెప్పింది. "పెండ్లయినకాడి నుంచి జూస్తున్న. మీ మామ పని లేకుంట ఎట్లుంటడో నాకు ఎర్కలేదు. ఈడ ఉంటె గది అయ్యేటట్టు లేదు. ఒక్క దినమన్న ఊకె ఉండంగ జూడాలె. గందుకే పోతున్నం."

ఎప్పుడు అంటే ఎండాకాలం అన్నారు. అక్కడ ఎండాకాలం విహారానికి ఎవరూ పోరు, హోటళ్లు సగం ధరకే దొరుకుతాయి, ఎందుకు దొరుకుతాయో నాకు తెలుసు. అదే చెప్పాను. మామ నవ్వాడు. "నాకు జెప్తున్నవా? యాసంగి వడ్లు అమ్మినంక, మల్ల నాట్లు పడేదాక, గప్పుడే మాకు ఖాళీ. ఎండల పని జేసి జూసిన. ఎండల ఊకె తిరిగితె ఎట్లుంటదో జూస్త."

సరే, అని కూర్చుని ప్రయాణం అల్లాను. నా వ్యాపారంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. దుబాయ్‌లో ఇసుక దిబ్బల మీద బండి సవారీ, ఎండ దిగాక. షార్జాలో ఒక తోట, ఒక బజారు. రస్ అల్ ఖైమాలో తెల్లవారుజామున గుట్ట మీదికి బస్సు. చివరన మస్కట్, అక్కడ సముద్రం, పడవ ఎక్కి చేపల గుంపులు చూడటం. ఒక్కొక్కటి చదివి వినిపిస్తుంటే అత్తమ్మ తలాడించింది. పడవ దగ్గర మాత్రం "మునుగది గద?" అని అడిగింది.

అయితే మామ ఒక పొరపాటు చేశాడు. మా వైపు గల్ఫ్ పోయేవాడు ఎవడూ చేయని పొరపాటు. ప్రయాణం తేదీ ఊళ్లో చెప్పేశాడు.

మా దగ్గర తేదీ చెప్పకుండా పోవడం ఒక విద్య. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కొడుకో మొగడో అక్కడ ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక సంచి వస్తుంది. వద్దనడానికి నోరు రాదు, ఎందుకంటే రేపు మన సంచి వాళ్లు మోయాలి. మిగతా కాలాల్లో అయితే సకినాలు, కారప్పొడి, పసుపు వస్తాయి. ఎండాకాలం కొత్త మామిడికాయ పచ్చడి, మా తొక్కు, పెట్టే కాలం. మామ ఇంట్లో వారం తిరిగేసరికి నడవడానికి చోటు లేదు. నూనె కారే డబ్బాలు, వాటి చుట్టూ కవర్లు, కవర్ల చుట్టూ పాత చీర ముక్కలు. రాయికల్ నుంచి వచ్చాయి, కొడిమ్యాల నుంచి వచ్చాయి. మామ ప్రతి డబ్బాకూ తాడు కట్టి, తన ముడి వేసి, వరుసగా పెట్టాడు. "మల్ల పని దొరికింది మీ మామకు," అంది అత్తమ్మ. నవ్వలేదు.

ఇక నా ప్లాను ఒక్కొక్కటే రాలిపోయింది. ఎడారి సవారీ రోజున దుబాయ్‌లో కూలీలుండే క్యాంపుకు సంచులు. గుట్ట పోయే రోజున షార్జాలో ఇంకో మూడు క్యాంపులు. మామ ఫోన్ చేసి సంకోచంగా చెప్పేవాడు, నేను రద్దు చేసేవాణ్ని. మస్కట్ మాత్రం ముట్టుకోవద్దని అత్తమ్మ గట్టిగా చెప్పింది.

వాళ్లు బయల్దేరడానికి ముందు సిరిసిల్ల నుంచి ఒకావిడ నా ఆఫీసుకు వచ్చింది. మామ వాళ్లు పోతున్నారని ఎవరు చెప్పారో తెలియదు. ఆమె భర్త సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు, కార్ఖానా మూతపడ్డాక మనిషి దక్కలేదు. కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ఆ రోజు మామ వాళ్లు కూడా పాస్‌పోర్టులు తీసుకోవడానికి నా దగ్గరే ఉన్నారు. ఆమె చిన్న డబ్బా బల్ల మీద పెట్టింది. మామ చెయ్యి చాపేలోపే అంది, "బరువైతె ఇడిసిపెట్టున్రి అన్నా. తొక్కు లేకున్నా బతుకుతడు. పిలగాడు ఎట్లున్నడో ఒక్కసారి మీ కండ్లతోని జూసి నాకు జెప్పున్రి. ఫోన్ల మంచిగనే ఉన్న అంటడు. అందరు గట్లనే అంటరు గద." మామ ఆ డబ్బా తీసుకున్నాడు.

షార్జా నుంచి అత్తమ్మ నాకు ఫోన్ చేసింది. ఆమె కోపం నేను విన్నది ఆ ఒక్కసారే. "అల్లుడా, ఇసుక లేదు, గుట్ట లేదు. పొద్దుగాల సంచులు పట్టుకుని పోతుండు, మాపటీలికి చెమటల తడిసి వస్తుండు. నేను గదిల గోడలు జూస్తున్న. గిది ఆయన నౌకరీయే, నన్ను దోల్కొచ్చుకుండు గంతే." మస్కట్ మిగిలింది కదా అన్నాను. "మస్కట్ల నేను జెప్పినట్టే జరగాలె," అంది.

మస్కట్‌లో దిగగానే ఆమె మామ చేతిలోంచి ఫోన్ తీసుకుందట. తొక్కు డబ్బాలవాళ్లందరికీ తనే చేసింది. "మేము మీ కాడికి రాము. శుక్రారం పొద్దుమూకంగ మీరే సముద్రం కాడికి రాండ్రి," అని చెప్పింది. వాళ్లు వచ్చారు. కంపెనీ బట్టల్లో కొందరు, ఇస్త్రీ చొక్కాల్లో కొందరు, ఒకే ట్యాక్సీలో ఇరుక్కుని కొందరు. సిరిసిల్ల పిలగాడు కూడా వచ్చాడు. బిత్తరచూపులు చూస్తూ నిలబడ్డాడట. ఆ ఊళ్లో ఏండ్లుగా ఉంటున్న వాళ్లలో సగం మంది సముద్రాన్ని దగ్గర నుంచి చూడటం అదే మొదలు. వాళ్లకూ అక్కడ పని లేదు కదా. ఇసుకలో చీర పరిచి, అత్తమ్మ డబ్బాలన్నీ విప్పించి, రొట్టెలతో అందరికీ పెట్టింది. ఎవరి ఇంటి తొక్కు ఎవరు తిన్నారో లెక్క లేదు.

తిరిగొచ్చాక ఆమె సిరిసిల్ల తల్లికి నా ఆఫీసు నుంచే ఫోన్ చేసింది. "సన్నవడ్డడక్కా, అబద్ధం ఎందుకు. కుడిచేతికి కాలిన మచ్చ ఉంది, బేకరీల పనట. గని నీ తొక్కు నాకి నాకి తిన్నడు. నీళ్లల్ల చిన్నపోరని లెక్క ఎగిరిండు." అవతల ఆవిడ "మంచిగ జెప్పినవ్ అక్కా," అని మాత్రం అంది.

మామ సంగతి ఆ రోజు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మొన్న దినాలకు ముందు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయించడానికి ఫోటో కావలసి వచ్చినప్పుడు చెప్పింది. మా దగ్గర మామ పాస్‌పోర్టు ఫోటోలు బోలెడు ఉన్నాయి. అన్నింట్లోనూ ఎవరో కోప్పడబోతున్నట్టు కళ్లు పెద్దవి చేసి ఉంటాడు. అవి వద్దంది. సిరిసిల్ల పిలగాడు పంపిన ఫోటో తన ఫోన్‌లో తీసి చూపించింది.

"అందరు నీళ్లల్లకు పోయిన్రు. మీ మామ ఒడ్డుకు చెప్పులు కావలి కూసున్నడు. చెప్పులు పోతయట. పోతె ఉత్త కాళ్లతోని పోతరు, నువ్వు లే, అన్న. లేసిండు. లేసి, డబ్బాలన్న కడుక్కొస్త అని రెండు చేతుల్ల రెండు డబ్బాలు పట్టుకుండు. గుంజుకున్న. ఇగ ఏం జేస్తడు, పోయిండు."

కోరుట్లలో ఫ్లెక్సీలు వేసే ఆయన ఆ ఫోటో చూసి ఇబ్బంది పడ్డాడు. "ముఖం కనవడ్తలేదు గదమ్మా," అన్నాడు.

"ముఖం ఊరందరికి ఎరుకనే," అంది అత్తమ్మ. "గీ మనిషిని ఎవ్వలు జూడలేదు."

ఇప్పుడు రాయికల్ పోయే రోడ్డు మీద, ఊళ్లోకి మలుపు తిరిగే చోట ఆ ఫ్లెక్సీ కట్టి ఉంది. బస్సులో పోయేవాళ్లు మెడలు తిప్పి చూస్తున్నారు. మామ మనకు వీపు పెట్టి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, నీళ్లలో నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకు వేలాడుతున్నాయి. వాటిలో ఏమీ లేదు.