అలాస్కాలో చిక్కడపల్లి రాహుకాలం

రాహుకాలం చూసి, గడప దగ్గర వేసుకున్న చెప్పులు విడిచి మళ్లీ వచ్చి కూర్చునే మీరు, అది ఏ ఊరి సూర్యుణ్ణి బట్టి వస్తుందో ఎప్పుడైనా అడిగారా? నేను అడిగాను. కాకపోతే బస్సు వెళ్లిపోయాక అడిగాను.

నేను రిటైరవడానికి ముందటి ఏడాది జూన్‌లో మా కంపెనీ నన్ను టూర్ మేనేజర్‌గా పద్నాలుగు మందితో అలాస్కా పంపింది. కంపెనీ అంటే నారాయణగూడలో ఒక మేడ మీద మూడు గదులు. టూర్ మేనేజర్ అంటే జెండా పట్టుకుని ముందు నడిచేవాడని చాలామంది అనుకుంటారు. పాస్‌పోర్టులు పదేపదే లెక్కపెట్టుకోవడం, మాత్రల వేళ గుర్తుచేయడం, పెరుగు దొరకని ఊళ్లో పెరుగు సంపాదించడం, అలిగిన వియ్యంకులను బస్సులో చెరో కొసన కూర్చోబెట్టడం, ఇదీ అసలు పని. రోజూ రాత్రి భోజనాల దగ్గర మర్నాటి షీటు పంచాలి. లేచే వేళ, టిఫిను, బస్సు టైము, చూసే చోట్లు అందులో ఉంటాయి. మా షీటులో చివర ఇంకో గడి ఉండేది: రాహుకాలం.

ఆ గడి పెట్టించినవాణ్ణి నేనే. వెనక కాశీ టూర్ల రోజుల్లో ప్రతివాడూ అడుగుతుంటే విసుగొచ్చి, మా ఇంటి గోడ క్యాలెండర్ చూసి రాసి ఇచ్చాను. యజమానికి నచ్చింది, బ్రోచర్ ఎక్కింది. అప్పటికే నేను ప్రతి ఆదివారం దోమలగూడలో ఒక చిన్న హాల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యసించేవాణ్ణి. ఆదివారం నోటితో కొట్టేసినదాన్ని సోమవారం చేత్తో రాసేవాణ్ణి. దీన్ని నేను వృత్తిధర్మం అనుకున్నాను.

ఇక అలాస్కాలో మేము జంతువులను చూడాల్సిన అడవి పార్కు సంగతి. ఒక హద్దు దాటాక సొంత బళ్లు పోనివ్వరు. పార్కు బస్సులోనే పోవాలి. డ్రైవరే గైడు. జంతువు కనబడినవాళ్లు ఎవరైనా "ఆపండి" అని అరవాలి. ఎటువైపో గడియారం లెక్కలో చెప్పాలి. బస్సు ముక్కు పన్నెండు, కుడిచెయ్యి వైపు మూడు. బస్సు ఆగాక మాత్రం గుసగుసలు కూడా వద్దు. సీట్లు ముందే టైము ప్రకారం ఇస్తారు. మాకు శుక్రవారం పది నలభై బస్సు ఇచ్చారు. మర్నాడు తెల్లవారగానే మా రైలు. అంటే మాకున్నది ఆ ఒక్క రోజే.

మా గుంపులో సుభద్రగారని ఒకావిడ ఉన్నారు. అశోక్‌నగర్‌లో ఉంటారు. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ఈ టూరుకు వచ్చింది ఎలుగుబంటి కోసం. "పుర్రె చూపించి పాఠం చెప్పానండీ ఇన్నాళ్లూ. అది నడిచేప్పుడు భుజం ఎలా కదులుతుందో పిల్లలకు చేతులు ఊపి చూపించేదాన్ని. నేనే చూడలేదు," అని విమానంలో చెప్పారు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది కూడా ఎక్కువకాలం ఉండదని డాక్టరు చెప్పాడట. దాన్ని కూడా పాఠం చెప్పినట్టే చెప్పారు.

పద్నాలుగు మందిలో ఎనిమిది మంది యాదగిరిగారి వాళ్లు. ఆయనకు చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల దుకాణం. ఏటా తన వాళ్లను పోగుచేసి మా కంపెనీకే తెస్తాడు. మంచివాడు. దారిపొడుగునా అందరికీ సకినాలు పంచాడు. ఆ శుక్రవారం పొద్దున బస్సు దగ్గర మాత్రం షీటు మడత విప్పి నిలబడ్డాడు.

"పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం, మూర్తి సార్. పది నలభైకి ఎట్ల ఎక్కుమంటరు?"

ఇది అలాస్కా అన్నాను.

"అయితేంది? రాహువుకు వీసా కావాల్నా?"

ఆయన వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అదే నా మొదటి తప్పు.

బస్సు పోతే జంతువులు పోతాయన్నాను. "జర ఆలస్యమైతే ఎలుగుబంటి యాడికి పోతది సార్? అడవి దానిదే గద! అయినా మేం సొంతంగ చెప్తున్నమా? మీ కాగితంల మీరే రాసిన్రు," అన్నాడు. కాగితం నాదే. కౌంటరులో అడిగితే పన్నెండుంబావు బస్సులో వెనక వరసలు ఖాళీ ఉన్నాయన్నారు.

అప్పుడు సుభద్రగారు వచ్చారు. చేతిలో బైనాక్యులర్స్.

"నేను ఈ బస్సులోనే వెళ్తానండీ. సాయంత్రం ఇక్కడే కలుస్తాను."

వెళ్లవచ్చు. పార్కువాళ్లకు అభ్యంతరం లేదు. కానీ ఒకరిని పంపితే మిగతా అయిదుగురూ బయల్దేరతారు, గుంపు చీలుతుంది, యాదగిరిగారికి తల కొట్టేసినట్టవుతుంది, వచ్చే ఏడు ఆ ఎనిమిది మంది వేరే కంపెనీ వెతుక్కుంటారు. ఇదంతా లోపల లెక్కేసుకుని, పైకి మాత్రం గ్రూపును విడదీయడం నిబంధనలకు విరుద్ధమన్నాను.

ఆవిడ అడిగారు: "మూర్తిగారూ, మీరు రాహుకాలం నమ్ముతారా?"

"లేదమ్మా."

"ఆయన నమ్ముతున్నాడు, ఆగుతున్నాడు. మీరు నమ్మకుండానే నన్నెందుకు ఆపుతున్నారు?"

పది నలభైకి బస్సు కదిలింది. డ్రైవరమ్మ మా పదిహేను ఖాళీ సీట్ల వైపు ఒకసారి చూసి తలుపు వేసింది.

పన్నెండుంబావుకు మేము ఎక్కాం. గంటలోపే మబ్బు కొండల మీంచి రోడ్డు మీదికి దిగింది, వాన పట్టుకుంది. కిటికీ అద్దాలన్నీ ఆవిరి. ఎనిమిది గంటల ప్రయాణంలో మా వాళ్లు నాలుగుసార్లు "ఆపండి" అని అరిచారు. మూడుసార్లు బండరాయి. ఒకసారి, పది గంటల దిక్కున, పార్కువాళ్ల రిపేరు బండి. సుభద్రగారు దారంతా చేతిరుమాలుతో అద్దం తుడుస్తూనే కూర్చున్నారు.

పార్కు గేటు దగ్గర మొదటి బస్సువాళ్లు కొందరు కనబడ్డారు. వాన రాకముందే ఒక తల్లి ఎలుగుబంటి, రెండు పిల్లలతో, బస్సు ముందు నుంచే తాపీగా రోడ్డు దాటిందట. ఒకాయన ఫోనులో ఫోటో చూపించాడు. సుభద్రగారు దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసి, "భుజం కదలిక ఫోటోలో తెలియదండీ," అని ఫోను తిరిగి ఇచ్చేశారు.

ఆ రాత్రి నేను కాగితం, కలం తీసుకున్నాను. రాహుకాలం అంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి ఒక భాగం. శుక్రవారానికి నాలుగోది. క్యాలెండర్ పగలును పన్నెండు గంటలుగా పెట్టుకుంటుంది. జూన్‌లో అక్కడ పగలు సుమారు ఇరవై గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. లెక్క వేస్తే పదకొండున్నర నుంచి రెండు. అంటే వాళ్ల శాస్త్రం ప్రకారమే పది నలభై శుభ్రమైన వేళ. లేని రాహుకాలం తప్పించుకుని, సరిగ్గా ఉన్నదాని నడుమ బస్సెక్కాం.

పొద్దున రైల్లో ఈ లెక్క యాదగిరిగారికి చూపించాను. ఇక నోరెత్తడనుకున్నాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, తొడ చరిచి, తన వాళ్ల వైపు తిరిగాడు: "చూసిన్రా! గందుకే ఏం కనవళ్లే! సార్ ముందే చెప్తే అయిపోవు గద!"

వాన మబ్బుకు శాస్త్రం చదవడం రాదని చెప్పేలోగా నాకు సకినం ఇచ్చాడు. తిన్నాను.

హైదరాబాద్ వచ్చాక ఆ గడి తీసేయమని యజమానికి రాసి ఇచ్చాను, కారణంగా నా లెక్క జతచేశాను. ఆయన శ్రద్ధగా చదివాడు. తర్వాతి బ్రోచర్‌లో ఒక కొత్త వాక్యం వచ్చింది: "విదేశీ యాత్రలన్నిటికీ స్థానిక సూర్యోదయం ప్రకారం రాహుకాలం గణించబడును." ఇప్పటికీ వస్తోంది.

సుభద్రగారి ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్తే, అది తనకొద్దన్నారు, నా ఆదివారం సభలో చెప్పుకోమన్నారు. చెప్పాను. రెండో కన్ను కూడా మసకబారాక ఆవిడకు పొరుగింటావిడ పేపరు చదివి పెడుతున్నారు.

నా ఉద్యోగం నాకు నేర్పింది ఇది. నమ్మేవాడు తన బస్సు ఒక్కటే వదులుకుంటాడు. నమ్మకుండా ఊరుకునేవాడు పక్కవాళ్ల బస్సు కూడా పోగొడతాడు. మీలో చాలామంది నాలాంటివాళ్లే. నమ్మరు, కానీ "పోనీలే, పెద్దవాళ్ల తృప్తి కోసం" అంటారు. ఇక అనకండి. మీ చేతికి వచ్చే షీటులోనో, శుభలేఖలోనో ఆ గడి ఉంటే, కలం తీసి అందరి ముందూ కొట్టేయండి. వెళ్లాలన్నవాళ్లకు అడ్డు తప్పుకోండి.