పదకొండు ఎర్ర చొక్కాల బోణీ

నష్టానికి అమ్మడంలో పబేడాన్ బజారు మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. తెలియక నష్టపోయేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. నేను మాత్రం ఎంత పోతుందో ముందే లెక్క కట్టుకుని, తెలిసి తెలిసి మునిగాను.

1926 నాటి మాట. రంగూన్‌లోని ఆ బజార్లో మా నాన్న పెట్టిన బట్టలకొట్టు అప్పటికి నా చేతికొచ్చింది. గుడ్డ అమ్మేవాళ్లం, అడిగితే దర్జీ చేత కుట్టించీ ఇచ్చేవాళ్లం. ఒక సాయంత్రం, అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలెక్కించే మేస్త్రి అప్పన్న ఒక తెల్ల నావికుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. బియ్యం కోసం వచ్చిన డెన్మార్క్ ఓడలో పనివాడు, పేరు యాకుప్. రేవు దగ్గరి బియ్యం మిల్లు వెనక మైదానంలో రేవు కూలీలూ ఓడవాళ్లూ ఫుట్‌బాల్ ఆడినప్పుడు ఇద్దరికీ స్నేహం కలిసిందట.

యాకుప్‌ది ఉత్తరాన చలి సముద్రంలోని ఫారో దీవులు. వాళ్ల ఊళ్లో చేపలు పట్టేవాళ్లంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. చదును నేల లేదు గనక కొండవాలులో రాళ్లేరి తామే మైదానం చేసుకున్నారు. బంతి సముద్రంలో పడితే తేవడానికి ఒడ్డున పడవ ఉంచుతారు. జీతాల్లేవు, వేట లేని రోజున ఆట. ఇన్నాళ్లూ ఎవరింట్లో అల్లిన ఉన్ని చొక్కాతో వాళ్లు ఆడారు. వచ్చే వేసవి నుంచి ఒకే రంగు చొక్కాలు లేని జట్టును పోటీల్లోకి రానివ్వరట.

"పదకొండు ఎర్ర చొక్కాలు నేను తెస్తానని మాటిచ్చి ఓడెక్కాను" అన్నాడు యాకుప్, వచ్చీరాని హిందుస్తానీలో.

అలవాటు కొద్దీ ధర పెంచి చెప్పాను. మా దగ్గర అది ధర కాదు, పలకరింపు. ఎదుటివాడు సగానికి అడుగుతాడు, మధ్యలో ఎక్కడో కలుస్తాం. యాకుప్ జేబులో డబ్బు తడుముకుని, టోపీ ఎత్తి నమస్కరించి, వెళ్లిపోయాడు. వాళ్ల ఊళ్లో మొదట చెప్పిందే ధరట. వెనక్కి పిలిస్తే నా పరువేం కాను?

మర్నాడు కొట్టు తీసి దీపం పెట్టేసరికి ఇద్దరూ మెట్ల మీదున్నారు.

"ఏటి అప్పన్నా, ఇంత పొద్దున్నే?"

"బోణీకొచ్చినాం సావుకారుగారూ. నిన్న సెప్పిన దాన్లో సగానికిచ్చీండి."

"సగానికా? గుడ్డ ఖరీదు కూడా గిట్టదు."

"అయితే ఎల్లిపోతాం. బోణీ బేరం మెట్లు దిగిపోతే రోజేటవుతాదో మీకే ఎరుక."

పొద్దున్న మొదటి అమ్మకం చేజారితే ఆ రోజంతా పాడేనని మా నమ్మకం. దాన్నే తెచ్చి నా మెడకు చుట్టాడు. సరేనన్నాను. లోపల నాకో ఉపాయం ఉంది: చవక ఎరుపు గుడ్డ తాను తీస్తే ఆ ధరకూ గిట్టుతుంది. ఆ గుడ్డ పరుస్తూ, ఊరికే అడిగాను.

"మీ ఊళ్లో వానలెలా ఉంటాయి?"

"వాన పడని రోజు మాకు పండగ" అన్నాడు యాకుప్.

మా వ్యాపారంలో ఫాస్ట్ కలర్ అంటే తడిసినా దిగని రంగు. ఆ చవక గుడ్డది ఫాస్ట్ కలర్ కాదు. ఒక పీలిక చెంబులో ముంచాను. నీళ్లు ఎర్రబడ్డాయి.

అప్పన్న తొంగిచూశాడు. "ఈటితో వానలో ఆడితే, ఆటయ్యేసరికి రెండు జట్లూ ఒకే రంగండీ."

యాకుప్ నవ్వలేదు. ఓడ ఎల్లుండి కదులుతుంది. అతను ఆ చెంబు వంకే చూస్తున్నాడు. నేను ఆ గుడ్డ చుట్టి అటకెక్కించి, కొట్లోకెల్లా మంచి ఎరుపు దించాను.

"ఇది ఎంత?" అన్నాడు భయంగా.

"బోణీ ధర రెండుసార్లు చెప్పం" అన్నాను.

దర్జీ ఓడ వేళకి కుట్టి ఇచ్చాడు. మరుసటేడు యాకుప్ మళ్లీ బియ్యం ఓడ మీద వచ్చి, తిన్నగా మా కొట్టుకే నడిచాడు.

"ఆడనిచ్చారా?"

"ఆడనిచ్చారు. ఆటంతా వానే."

"గెలిచారా?"

"చిత్తుగా ఓడాం. రంగు మాత్రం దిగలేదు."

చివరి మాట పక్క కొట్లకు వినబడేలా మరోసారి చెప్పించుకున్నాను.

ఆ బేరం నాకు నేర్పింది ఒకటే: మన మాటను నిజమని నమ్మేవాడి ముందు బేరగాడి తెలివి చెల్లదు. అప్పట్నుంచి ఓడవాళ్లకు మొదటే అసలు ధర చెప్పాను. సగంమంది దాన్నీ సగానికే అడిగారు.

ఇక లెక్క. గుడ్డలో తొమ్మిది రూపాయలు పోయాయి, కుట్టుకూలి నాలుగు నా జేబులోంచి ఇచ్చాను. అంత మంచి బోణీ గనక ఆ రోజు బేరాలు పోటెత్తాయని రాయాలనే ఉంది. మధ్యాహ్నం దాకా ఒక్కడూ రాలేదు. మొత్తం పదమూడు రూపాయల నష్టం. ఇంకెవరి బేరంలోనూ దాన్ని రాబట్టుకోలేదు.