వానకు తెల్లబడిన పొర

మా చిన్నమ్మ కూతుర్ని ల్యాబ్‌కు తీసుకొచ్చింది నేనే. నాకంటే మూడేళ్లు చిన్నది. మరాఠీ ఊళ్లోని మా తెలుగు నేతగాళ్ల వాడ, జోడ్‌భావి పేట్‌లో, మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్లవైపు మగ్గాలు ఆడితే మావైపు గిన్నెలు అదురుతాయి. ఎమ్మెస్సీ చదివి ఖాళీగా కూర్చుందని చిన్నమ్మ దిగులు పడుతుంటే, మా గైడ్ సార్‌తో మాట్లాడి చేర్పించాను. అప్పటికి నేను అక్కడ రెండేళ్లుగా ఒకే పని మీద ఉన్నాను. నీళ్లు అంటని పొర చేయాలి. అది గాజులా కనబడాలి, గుడ్డలా వంగాలి, మీద నీళ్లు పడితే చేమాకు మీద పడ్డట్టు జారిపోవాలి.

చెప్పడానికి తేలికే. ప్లాస్టిక్‌ను ద్రావకంలో కరిగించి గాజు పలక మీద పోసి, ఆరాక ఊడదీస్తే పొర వస్తుంది. నీళ్లు నిలవకూడదంటే దానిపై కంటికి కనబడనంత సన్నని గరుకు ఉండాలి. అందుకని సిలికా పొడి కలుపుతాం. పొడి ఎక్కువైతే నీళ్లు జారతాయి గానీ పొర చల్లలా తెల్లబడుతుంది. తగ్గిస్తే తేటగా ఉంటుంది, నీళ్లు మాత్రం అతుక్కుపోతాయి. ఈ రెంటి మధ్యే నా రెండేళ్లూ గడిచిపోయాయి.

చెల్లెలు చేరిన ఐదో నెలలో పొడిని ద్రావకంలో కలపడమే మానేసింది. పొర సగం ఆరి జిగటగా ఉన్నప్పుడు ఆ పొడిని పైన స్ప్రే కొట్టింది. ఆరిన పొరను మరాఠీ పేపరు మీద పరిచి నన్ను పిలిచింది.

"అక్కా, జర ఇటు సూడు."

పొర కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. డ్రాపర్‌తో నీళ్లు వదిలితే చుక్కలు గుండ్రంగా దొర్లి బల్ల మీద పడ్డాయి. సార్ వచ్చి చూసి, బాగుందని మరాఠీలో "ఛాన్! ఛాన్!" అంటూ నవ్వారు. రెండేళ్లలో ఆ మెచ్చుకోలు నాకు ఒక్కసారీ దక్కలేదు. "మంచిగొచ్చిందే" అని బయటికెళ్లి నీళ్లు తాగాను. అంత సులువైన సంగతి నాకెందుకు తట్టలేదా అని ఒళ్లంతా మండింది.

ఇంటికొస్తే అమ్మా చిన్నమ్మా ఒకే చాప మీద బీడీలు చుడుతున్నారు.

"పోరి మస్తు తెలివిగలది. మీ సార్ ఫోన్ల గూడ మెచ్చుకున్నడంట," అంది అమ్మ, ఆకు కత్తిరిస్తూనే. "నువ్వు ముందుగాల పోయినవ్ గద, నీదేమైంది?"

చిన్నమ్మ తల ఎత్తలేదు. కానీ ఆమె నవ్వు నాకు కనబడింది.

చెల్లెలు తన పొరను అందరికీ చూపించాల్సిన సెమినార్ ఇంకో నెలలో ఉందనగా వానలు మొదలయ్యాయి. ఆమె పొరలు వరసగా తెల్లబడసాగాయి. కారణం నాకు మొదటి రోజే తెలుసు. నా మొదటి వానాకాలం కూడా అలాగే పాడైంది. ద్రావకం ఆవిరవుతుంటే పొర చల్లబడుతుంది, గాలిలోని తేమ దానిమీద సన్నని చుక్కలై దిగుతుంది, ఆ చుక్కలున్న చోటల్లా గుంతలు మిగిలి పొర తెల్లబడుతుంది. తేమ లేని పెట్టెలో మూసి ఆరబెడితే చాలు.

బస్సులో పక్కన కూర్చుని అడిగింది. "అక్కా, నీకేమన్న సమజైతుందా? నేనేడ తప్పు జేస్తున్న?"

"ఏమోనే. నాకు గూడ సమజైతలేదు."

అబద్ధం నా నోట అంత నున్నగా వస్తుందని నేను అనుకోలేదు. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆమె తెల్లటి పొరలు ఊడదీసి బుట్టలో వేస్తుంటే, నా బల్ల దగ్గరే కూర్చుని చూశాను. చూస్తుంటే నాకు హాయిగా ఉండేది.

తొమ్మిదో రోజు నేను వెళ్లేసరికి సింకు దగ్గర ఖాళీ సీసాలు కడుగుతోంది. తప్పు పొడిలోనే ఉందనుకుని, మూడు నెలలు కష్టపడి చేసుకున్న సిలికా మొత్తం పారేసింది.

"మల్ల మొదట్నుంచి జేస్త," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను నోరు తెరిచేదాన్ని కాదేమో.

"పొడిది కాదే తప్పు. వానగాలిది. మూసి ఆరబెట్టాలె."

ఆమె చేతులు ఆగిపోయాయి. "నీకెప్పట్నుంచి ఎర్క?"

"మొదటి దినం నుంచి."

నల్లా కట్టేసింది. "బస్సుల అడిగిన గద, అక్కా," అని మాత్రం అంది.

తర్వాత పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. నా పని పక్కన పెట్టి, సెమినార్‌కు సరిపడా పొడి చేయడానికి ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. సీసా అందిస్తే తీసుకునేది, కళ్లు మాత్రం ఎత్తేది కాదు. చేసిన తప్పు దిద్దుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు కూడా ఆమె చేతి నేర్పు చూసి లోలోపల కుళ్లుకుంటూనే ఉన్నాను.

పెట్టెలో ఆరిన పొర మళ్లీ తేటగా వచ్చింది. సెమినార్‌లో చెల్లెలు దాన్ని వేలికి చుట్టి చూపించి, తిరిగి బల్ల మీద పరిచింది. ముందు వరసలో ఉన్న నా వైపు డ్రాపర్ చాపింది.

"అక్కా, నీళ్లు నువ్వెయ్యి."

నన్ను క్షమించి పిలిచిందో, నేను చేసింది మరచిపోలేదని చెప్పడానికే పిలిచిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ అడగలేదు. లేచి వెళ్లి నీళ్లు వదిలాను. చుక్కలు తడి కూడా మిగల్చకుండా జారిపోయాయి. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే కాస్త ఆలస్యంగా.