తాకినా తెలియని చోటు

మా కోడలికి పంటి నొప్పి. దూదికి లవంగ నూనె అద్ది పంటి కింద పెట్టుకుంటే, ఆ ఘాటు వంటింట్లోంచి నా కుట్టు మిషను దాకా వచ్చింది. నా చెయ్యి దానంతట అదే కింది పెదవి ఎడమ కొన మీదికి వెళ్ళింది. వేలికి పెదవి తెలిసింది గాని, పెదవికి వేలు తెలియలేదు. డెబ్బైలలో ఒక ఎండాకాలం నుంచి అక్కడ అంతే. తిరువూరు బస్టాండు దగ్గర, మేడమెట్ల కింది గదిలో పళ్ళ వైద్యం చేసిన డాక్టరు పరాంకుశం గారిని మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, మాట కటువు, నవ్వడం తక్కువ. ఆ వాసనతో పాటు ఆయన ఎప్పుడూ గుర్తుకొస్తారు.

మా నాన్నను అబ్బా అనేవాణ్ణి. అప్పటికి నేను ఆయన దర్జీ దుకాణంలో చొక్కాలు సొంతంగా కత్తిరించే స్థాయికి వచ్చాను. ఆ పొగరులో ఉండగానే దవడ చివర నొప్పి పట్టుకుంది. చెవిలోకి పాకింది. గుటక వేస్తే ప్రాణం పోయేది, నోరు చెంచా పట్టేంత కూడా తెరుచుకోలేదు, నోట్లోంచి నాకే అసహ్యమనిపించే వాసన. మా ఇళ్ళలో ఏ వాపుకైనా ఒకటే వైద్యం. అమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, చెంప మీద కాపడం పెట్టింది. ఆ వేడికి హాయిగా నిద్రపోయాను. లేచేసరికి వాపు దవడ కిందికి దిగింది.

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళడానికి అబ్బాకు మనసొప్పలేదు. తను సంతలో ఒకడి చేత పన్ను పీకించుకున్న కొన్నాళ్ళకే చూపు మసకబారింది. అప్పటి నుంచి సూదిలో దారం నేనే ఎక్కించి ఇస్తున్నాను. "పన్ను పీకితే కన్ను పోద్దిరా మస్తానూ. నాయి ఎట్టాగూ పోయినయ్. నీయి కూడా పోతే ఈ మిషను ఎవరు తొక్కుతారు?" అన్నాడు. అది మూఢనమ్మకమని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. ఆ ఇంట్లో అందరి అన్నం నా కళ్ళ మీద ఆధారపడి ఉంది. నాకూ భయం వేసింది.

చివరికి నేను మంచినీళ్ళు కూడా మింగలేకపోయేసరికి అమ్మ నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. డాక్టరు గారు నా చెంప చూసి, "కాపడం ఎవరు పెట్టారు?" అని అడిగారు. అమ్మ తల దించుకుంది. "ప్రేమతోనే పెట్టావమ్మా. కానీ బయట వేడి పెడితే లోపలి చీము అటే దారి చేసుకుంటుంది. ఇక పెట్టొద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసి పుక్కిలించనివ్వు" అన్నారు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వాపు దిగి నోరు కాస్త తెరుచుకున్నాక, బెజవాడ వెళ్ళి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు.

ఆ ఫిల్మును ఆయన కిటికీ వెలుగుకు పట్టి చూపించారు. ఈసారి అబ్బా కూడా వచ్చాడు. "ఇదిగో, జ్ఞానదంతం. పైకి రావడానికి చోటు లేక ఎముకలోనే అడ్డంగా పడుకుని ముందు పన్నును నెడుతోంది. ఇప్పటికి తగ్గినా మళ్ళీ వాస్తుంది. వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు. తీసెయ్యాలి." అబ్బా భయపడుతూ కళ్ళ సంగతి అడిగాడు. డాక్టరు గారు నవ్వలేదు. అబ్బాను వెలుగులోకి తీసుకెళ్ళి రెప్ప ఎత్తి చూశారు. "సాయిబు గారూ, మీది శుక్లం. పన్నుకీ దానికీ సంబంధం లేదు, ఆపరేషను చేయిస్తే కనపడుతుంది. మీవాడి కళ్ళకు ఏమీ కాదు. కానీ ఈ పన్ను వేళ్ళను ఆనుకుని పెదవికి స్పర్శనిచ్చే నరం ఉంది. అది నలిగితే పెదవి మొద్దుబారుతుంది. కొన్ని నెలలకు రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా." అబ్బా నా వైపు తిరిగి, "తన పనిలో చెడ్డ తనే చెప్పుకునే మనిషి, కళ్ళ గురించి అబద్ధం చెప్పడు. కూర్చోరా" అన్నాడు.

మత్తు ఇంజెక్షను ఇచ్చారు. చిగురు కోసి, ఎముక కాస్త చెక్కి, పన్నును ముక్కలు చేసి తీశారు. ప్రతి పనికీ ముందు "ఇప్పుడు చప్పుడవుతుంది", "ఇప్పుడు గట్టిగా నొక్కుతాను" అని చెబుతూనే ఉన్నారు. ఆఖరున వంకర సూదితో కుట్లు వేస్తుంటే, ఆయన ముడి వేసే తీరు నాకు నచ్చింది. దూది కరిచిపెట్టుకుని కూర్చున్న నా చేతికి, అబ్బా జేబులోంచి సూదీ దారమూ తీసి ఇచ్చాడు. మొదటిసారికే ఎక్కించాను. అబ్బా అక్కడే ఏడ్చేశాడు. తర్వాత బెజవాడలో కంటి ఆపరేషను చేయించుకుని, తన దారం తనే ఎక్కించుకున్నాడు.

నా పెదవి మాత్రం మొద్దుగానే ఉండిపోయింది. టీ కారినా తెలిసేది కాదు. ఒకరోజు డాక్టరు గారు కబురు పెడితే వెళ్ళాను. గంపలగూడెం రైతు ఒకతను అదే రకం పన్నుతో కూర్చుని ఉన్నాడు. "ఇతని పన్ను నేనే తీశాను. చూపు బాగుంది, దర్జీ పని చేసుకుంటున్నాడు. పెదవి స్పర్శ మాత్రం నా చేతుల్లో పోయింది. అదెలా ఉంటుందో ఇతన్నే అడగండి" అన్నారు. రైతు నన్ను ఎగాదిగా చూసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఎందుకండీ చెప్పటం? మిమ్మల్నేమన్నా నేను అడిగానా?" అన్నాను. "అది అతని నోరు మస్తానూ. తెలిసే కూర్చోవాలి" అన్నారు. ఆ రైతు మళ్ళీ వచ్చాడో లేదో నాకు తెలియదు.

మా దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన ఆగేవారు. నన్ను కళ్ళు మూసుకోమని, దూది పోగుతో పెదవి మీద తాకి, "తెలుస్తోందా?" అని అడిగేవారు. ప్రతిసారీ లేదనే చెప్పాను. లేదన్నప్పుడల్లా ఆ కటువైన ముఖం చిన్నబోయేది. చివరిసారి వచ్చేటప్పటికి బాగా నీరసించిపోయారు. మా దుకాణం మెట్లెక్కడానికే ఆయాసం. కళ్ళు మూసుకున్నాను. "తెలుస్తోందా?" అన్నారు. మళ్ళీ లేదనడానికి నాకు మనసొప్పలేదు. "తెలుస్తోందండీ, బాగానే తెలుస్తోంది" అన్నాను.



"నేనింకా తాకలేదు మస్తానూ" అన్నారు. కళ్ళు తెరిచేసరికి దూది పోగు ఆయన వేళ్ళ మధ్యే ఉంది, కళ్ళలో నీళ్ళు. "నా మీద జాలిపడి అబద్ధం చెప్పకు. పోయింది పోయిందనే చెప్పు" అన్నారు.

నేటికీ ఎవరైనా పట్టుబట్ట తెస్తే, కత్తెర పెట్టకముందే అది ఎక్కడ పిగిలే ప్రమాదముందో చెబుతాను. కొందరు బట్ట వెనక్కి తీసుకుపోతారు. పోనీ అనుకుంటాను. ఆయన పోయారని తెలిసిన పొద్దున దుకాణంలోనే కళ్ళు మూసుకుని, దారపు పోగుతో నా పెదవి నేనే తాకి చూసుకున్నాను. తెలియలేదు. తెలియలేదని పైకే చెప్పి, ఏడ్చాను.