సూది డాక్టరు మరిచిన ముక్కగుడ్డ

కుట్టు మెషిన్లు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ సూది డాక్టరనే పిలుస్తారు. ముప్పై ఏళ్ల అనుభవం, అంతకు రెట్టింపు నోరు. బాగుచేసిన మెషిన్ మీద ముక్కగుడ్డ పెట్టి నాలుగు వరసలు కుట్టి, వెనక్కి తిప్పి చూస్తేగాని గడప దాటనివ్వడు. పైకుట్టు ఎవడైనా చూస్తాడు, కిందికుట్టు చూసినవాడే మెకానిక్కు అని వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకుతాడు.

అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చోవడానికి కారణం భార్య. చెయ్యి తిరిగిన దర్జీ ఆమె. ఏడాదిగా ఆ చేతుల్లో కండలు కరిగిపోతున్నాయి. జబ్బును నయం చేసే మందు ఇంకా లేదన్నారు. అయితే దాని మీద పరిశోధన చేసేవాళ్లు పెద్ద లెక్కను ముక్కలు చేసి, ఎవరి కంప్యూటర్ ఖాళీగా ఉంటే వాళ్లకు పంచుతారని బావమరిది చెప్పాడు. అతనిది లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. ఓ పాత కంప్యూటర్ పెట్టె తెచ్చి, లినక్స్ ఎక్కించి, ఆ ప్రోగ్రామ్ పెట్టి వెళ్లాడు.

రోజుకు నాలుగు లెక్కలు పూర్తయ్యేవి. సూది డాక్టరుకు అవి ఏ మూలకీ ఆనలేదు. మెషిన్లు తుడిచే బ్రష్షుతో ఫ్యాన్ దుమ్ము దులిపాడు. తెర మీది హంగులు తీసేశాడు. వెనకాల ఊరికే తిని కూర్చునే ప్రోగ్రాములను ఆపేశాడు. ప్రాసెసర్ ఎప్పుడూ పూర్తి వేగంతో నడిచేలా మార్చాడు. నాలుగు కాస్తా ఐదయ్యాయి. అక్కడితో ఆగితే ఆయన సూది డాక్టరెందుకవుతాడు? ఫోన్‌లో వీడియోలు చూసి మెమరీ వేగాన్ని కంపెనీ పెట్టిన హద్దు దాటించాడు. రోజుకు ఎనిమిది.

"ఈ రోజు ఎన్ని?" అని భార్య సాయంత్రం అడిగేది.

"ఎనిమిది" అనేవాడు మీసం దువ్వుతూ. ఆమె గోడ క్యాలెండర్‌లో ఆ అంకె వేసుకునేది. మందులు మింగనని మొండికేసిన రోజున కూడా అది మాత్రం మానలేదు.

మూడు నెలలయ్యాక ఓ ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చి, ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో బావ ఖాతా తెరిచాడు. ఒక్కో పేజీ కిందికి జరిపి చూశాడు.

"బావా, నువ్వు రోజూ చూసేది ఏ పేజీ?"

"పూర్తయినవి. ఇంకేం చూడాలి?"

"ఒక్కో లెక్కను ఇద్దరికిస్తారు బావా. రెండు జవాబులూ కలిస్తేనే తీసుకుంటారు. మెమరీ వేగం పెంచిన రోజు నుంచి నీది ఒక్కటీ కలవలేదు. అన్నీ పారేశారు. వాటిని ఇంకొకళ్లు మళ్లీ చెయ్యాల్సొచ్చింది."

సూది డాక్టరు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఏడువందల పైచిలుకు లెక్కలు.

"పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదురా" అన్నాడు.

"ఆగదు బావా. తప్పుల్నే గబగబా చేసిపెడుతుంది."

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖమే చెబుతోంది.

"ఇన్నేళ్లలో ముక్కగుడ్డ మీద కుట్టి చూడకుండా ఎవరికైనా మెషిన్ ఇచ్చారా?" అంది ఆమె.

"లేదు."

"మరి నా పని దగ్గరే ఎందుకు చూడలేదు?"

సిగ్గుతో చచ్చిపోయాడు. వెంటనే మెమరీని పాత వేగానికి దించాడు.

ఆ సాయంత్రం, మర్నాడు సాయంత్రం ఆమె ఏమీ అడగలేదు. మూడో రోజు ఆయనే వెళ్లి, "ఒకటి కలిసింది" అన్నాడు మెల్లగా. ఆమె రెండు చేతులతో పెన్ను పట్టుకుని, క్యాలెండర్‌లో ఒకటి వేసింది. నిలువు గీత వంకరపోయింది.

"పాతవన్నీ కొట్టేయనా?" అని అడిగాడు.

"ఉండనివ్వండి. అవి వేసినప్పుడు నాకు ఒక్క చెయ్యి సరిపోయేది."

ఆయన మూడు నెలల వెనకటి కాగితం తిప్పి చూశాడు. ఆ ఎనిమిదులు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి.